నలభై సెకన్ల పేరు

నాలుగు శాతం. పచ్చగీత ఇంత జరిగి ఆగింది. ఆగి ఆలోచించుకుంటోంది, దానికేం తొందర, తొందరంతా నాది. ఇందాక నలభై నిమిషాలంది, ఇప్పుడు యాభై ఎనిమిదంటోంది, ఈ కంప్యూటర్ మాట నీటిమూట. పది దాటింది. పదకొండింటికి కొత్తమ్మాయి వస్తుంది. కొత్తమ్మాయి అంటున్నానే గాని నా దగ్గర సహాయకురాలిగా చేరి పదకొండేళ్ళు, పాపిట దగ్గర రెండు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. చేరిన రోజు ఎవరో "ఈ కొత్తమ్మాయి ఎవరు" అని అడిగారు, అదే ఉండిపోయింది. ఫోన్లో తనే "నేనక్కా, కొత్తమ్మాయిని" అంటుంది, నేను నవ్వుతాను. నవ్వేదాన్ని. ఈ గంటలో నేను చేయాల్సిందల్లా గీత చివరికి చేరేదాకా ఏదీ ముట్టుకోకుండా కూర్చోవడం. మరిది అలాగే చెప్పాడు. "ముందు మొత్తం కాపీ తీసి పెట్టుకోండి వదినా. అసలుదాన్ని తాకొద్దు. రేపు ఆ అమ్మాయి నాకు తెలీదంటే మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా." సరే అని మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, చిన్నపిల్లని మూల కూర్చోబెట్టినట్టుంది నాకు. ఐదు శాతం.

పొద్దున ఏడున్నరకి మెసేజి వచ్చింది, గడియారాలాయన దగ్గర్నుంచి. మెసేజి అని చూడగానే మనసు కీడు శంకించింది, ఎందుకంటే ఆయన రెండేళ్ళుగా నాకు ఫోనే చేస్తాడు. అది మా ఒప్పందం. టైము మార్చాలన్నా, రాలేనన్నా, ఊరికే వాన పడుతోందని చెప్పాలన్నా సరే, ఫోన్ చేసి నోటితోనే చెప్పాలి, ఎంతసేపైనా నేను వింటాను, మధ్యలో మాట అందించను. నత్తి ఉన్నవాళ్ళకి మాట అందించడమంత అన్యాయం ఇంకోటి లేదు, మంచివాళ్ళే ఎక్కువగా చేస్తారు ఆ పని. మొదటిసారి చేసినప్పుడు "హలో" తర్వాత ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు, వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా నేను కదల్లేదు. గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. వచ్చినవాళ్ళకి కాగితం ముక్క మీద "రేపు రండి", "బ్యాటరీ పోయింది" అని రాసి ఇచ్చేవాడు, ఇరవై ఏళ్ళు అలాగే బతికాడు. చాలామంది మూగవాడనుకున్నారు, ఆయన అననిచ్చాడు, అదే సుఖంగా ఉందట. అలాంటి మనిషి, నత్తికి మాట సాధన చేయించే నా దగ్గరకొచ్చి నాలుగేళ్ళు కష్టపడి, కాగితాలు మానేసి, కొట్లో ఫోన్ ఎత్తడం మొదలుపెట్టాడు. ఇవాళ మళ్ళీ రాశాడు. "మేడం, అది నా గొంతే." కింద ఒక వీడియో.

వీడియోలో మనిషెవరూ లేరు. ఎవరో గోడగడియారం బొమ్మ పెట్టారు, ముల్లు ముందుకి పోలేక ఒకేచోట కొట్టుకుంటూ ఉంటుంది, అంటే ఆయన పనేమిటో తెలిసినవాళ్ళే చేశారు, దాని మీద ఆయన గొంతు, తన పేరు తను చెప్పుకోవడానికి నలభై సెకన్లు పెనుగులాడుతున్న గొంతు, వెనక ఎక్కడినుంచో తెచ్చి అతికించిన నవ్వులు. నత్తి ఉన్నవాళ్ళకి సొంత పేరే అన్నిటికంటే కష్టం, ఆ సంగతి లోకానికి తెలీదు. వేరే మాటకి బదులు ఇంకో మాట వేసుకోవచ్చు, పేరుకి బదులేముంటుంది. ఆయన పేరు నేను చెప్పను. ఇప్పటికే చెప్పుకోవాల్సినవాళ్ళకంటే ఎక్కువమంది చెప్పుకుంటున్నారు. రెండో మెసేజి, "పక్క కొట్లవాళ్ళు నిన్నటినుంచీ నన్ను పేరుపెట్టి పిలుస్తున్నారు మేడం. అందులో ఎలా ఉందో అలాగే పిలుస్తున్నారు." మూడోది, "నా గొంతు మీ దగ్గర ఇక ఎక్కడా ఉండకూడదు." నేను ఏం రాశాను? "ఎలా జరిగిందో కనుక్కుంటాను" అని రాశాను. కనుక్కుంటాను, పట్టుకుంటాను, వదిలిపెట్టను. కోపం వస్తే నాకు ఎదుటిమనిషి అడిగింది వినపడదు, మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. పద్నాలుగు శాతం.

ఆ గొంతు బయటికి పోవడానికి దారి లేదు. దారి లేకుండా చేయించింది నేనే. ఈ కంప్యూటర్లో రెండు కాపురాలున్నాయి. పైన కొత్త సిస్టమ్, అందులో ఈమెయిలు, అపాయింట్‌మెంట్లు, కరెంటు బిల్లు, లోకంతో వ్యవహారమంతా. దాని లోపల, ఒక చిన్న కిటికీలో, పాత సిస్టమ్ నడుస్తుంది. ముసలిది, తయారుచేసినవాళ్ళే దానికి మందులు మానేశారు, కొత్త వైరస్ ఏదొచ్చినా తట్టుకోలేదు. అయినా నాకు అదే కావాలి. గొంతుని రికార్డు చేసి గీతలుగా గీసి చూపించే నా ప్రోగ్రాం దాంట్లో తప్ప నడవదు, ఆ ప్రోగ్రాం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆరేళ్ళ కిందట పాత పెట్టె పొగ వదిలి కన్నుమూస్తే, మా ఆయన తమ్ముడు రెండు రోజులు ఇక్కడే కూర్చుని ఇలా అమర్చాడు. "ఇంట్లో ఇంకో ఇల్లు వదినా. ముసలావిడకి బయటిగాలి తగిలితే మంచమెక్కుతుంది, అందుకని నెట్ పీకేశాను. ఇక్కడ రాసింది తీసుకెళ్ళి అక్కడ అతికించడం కూడా కుదరదు. రెండిళ్ళకీ మధ్య ఉమ్మడి ఫోల్డర్ ఒకటుంటుంది, దాన్నీ మూసేశాను." డిస్కు మొత్తానికీ తాళం వేసి, పాస్‌వర్డ్ నన్నే పెట్టుకోమని, నేను టైపు చేస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి నుంచున్నాడు. బడి పిల్లాడిలా నుంచున్నావేమయ్యా అని ఎగతాళి చేశాను కూడా.

ఎప్పుడైనా డాక్టరుగారికి రిపోర్టు పంపాల్సివస్తే ఆ ఫోల్డర్ తెరవక తప్పదు. దానికో పద్ధతి. ముందు ఫొటో తీయాలి. స్నాప్‌షాట్ అంటాడు మరిది, మాకు ఫొటో. లోపలి సిస్టమ్ ఆ క్షణంలో ఎలా ఉందో, ఫైళ్ళతో, తెరిచున్న పనితో సహా మొత్తం దాచిపెట్టేస్తుంది. ఫొటో తీసి, దానికి కారణం రాసి, అప్పుడు ఫోల్డర్ తెరిచి, కావాల్సింది బయటికి తీసి, మూసి, మళ్ళీ ఫొటోలో ఉన్న చోటికి వెనక్కి వెళ్ళిపోవాలి. మధ్యలో ఏ దుమ్ము లోపలికొచ్చినా రానట్టే. కొత్తమ్మాయికి ఇది నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. తొందర మనిషి, నేరుగా ఫోల్డర్ మీదికి పోయేది. "ఫొటో తీశావా?" అనేదాన్ని. నాలుక కరుచుకునేది. వందసార్లు అని ఉంటాను, ఆరేళ్ళలో. చివరికి నేను అడగకముందే "తీశానక్కా" అనడం మొదలుపెట్టింది, నిద్రలో లేపి అడిగినా తీశాననే చెప్పేది. లాగిన్ మాత్రం ఎప్పుడూ నేనే చేసేదాన్ని.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఈశ్వరుణ్ణి కాను కదా, పొద్దున మొదట తప్పుమనిషినే పట్టుకున్నాను. ఎనిమిదింటికి మరిదికి ఫోన్ చేసి ఎడాపెడా వాయించాను. ఏదో సందు వదిలావన్నాను, నీ పని ఎప్పుడూ ఇంతేనన్నాను, అక్కడితో ఆగానా, "లేదంటే నువ్వే" అని కూడా అన్నాను. ఆ తర్వాత మాట మింగాను గాని అవతల వినపడాల్సింది వినపడింది. "వదినా, ఆ పాస్‌వర్డ్ నాకు తెలీదు. మీరు చెప్పలేదు, నేను అడగలేదు. నన్ను తిట్టేముందు ఫొటోల జాబితా ఒకసారి చూడండి" అన్నాడు. గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

చూశాను. పద్నాలుగు ఫొటోలు. ఏడాదికోసారి మరిది వచ్చి పాతవి తీసేస్తాడు, అప్పటిదాకా మేము ముట్టుకోం. పదమూడింటి ఎదురుగా ఏ డాక్టరుకి ఏ రిపోర్టో రాసి ఉంది, ప్రతిదీ నాకు గుర్తే. పదకొండోది గుర్తులేదు. "ఫోల్డర్ తెరిచే ముందు" అని మాత్రం ఉంది. రెండు నెలల కిందట, ఎనిమిదో తారీకు, పొద్దున తొమ్మిదీ ఇరవై. ప్రతి ఫొటో పక్కనా ఆ క్షణంలో తెర ఎలా ఉందో గోరంత బొమ్మ వస్తుంది. ఆపరేషనైన కొత్త కంటితో దగ్గరగా వంగి చూశాను. ముందు చదునుగా ఊపిరి, తర్వాత ముళ్ళకంపలా గుచ్చుగుచ్చుగా పొడుపులు, ఒక ఖాళీ, మళ్ళీ పొడుపులు, ఇంకా పొడుగు ఖాళీ. ఆ గీతని నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను, నాలుగేళ్ళు దాంతో కాపురం చేశాను. దొంగతనానికి పోతూ కూడా ఫొటో తీసుకుంది! ఇంకెవరైనా అయితే ఫోల్డర్ తెరిచి, లాక్కుని, మూసేసి పోయేవాళ్ళు, నాకు ఈ జన్మకి తెలిసేది కాదు. ఈ పిల్ల నేను నేర్పినట్టే ముందు ఫొటో తీసి, కారణం రాసి, పనయ్యాక పద్ధతిగా వెనక్కి వెళ్ళిపోయింది. ఆలోచించి చేసి ఉండదు, చెయ్యే చేసి ఉంటుంది. నవ్వొచ్చింది నాకు, నిజంగా నవ్వాను, ఒక్కదాన్నే, ఖాళీ గదిలో, తర్వాత నవ్వు ఏడుపులోకి తిరుగుతుంటే లేచి మంచినీళ్ళు తాగాను.

ముప్ఫై ఎనిమిది శాతం. ఎనిమిదో తారీకు నేను కంటి ఆసుపత్రిలో బల్ల మీద ఉన్నాను. శుక్లం ఆపరేషన్, ఇరవై నిమిషాల పనే, పక్కింటావిడ మధ్యాహ్నానికల్లా వంట చేసుకుందట. కానీ నాకు భయం. ఏడో తారీకు సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక, ఈ కుర్చీలోనే కూర్చుని కొత్తమ్మాయిని పిలిచాను. ఏమో, ఏదన్నా అయితే ఇంతమంది గొంతులూ తాళంలో ఉండిపోతాయి, ఎవరో ఒకరికి తెలియాలి అన్నాను. "ఏం మాటలక్కా అవి, నాకు చెప్పొద్దు" అని రెండు చెవులూ మూసుకుంది. చేతులు లాగి మరీ చెప్పాను. మా ఆయనకే ఎప్పుడూ చెప్పని పాస్‌వర్డ్, ఆరు మాటల వాక్యం, రెండుసార్లు పలికించి తప్పులు దిద్దాను. ఏడో తారీకు రాత్రి ఏడింటికి చెప్పానా, ఎనిమిదో తారీకు పొద్దున తొమ్మిదీ ఇరవై. పద్నాలుగు గంటలు ఆగింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని మా నాయనమ్మ అంటుండేది, విత్తనాల గురించే అనుకునేదాన్ని.

అది చేసి, తలుపు తాళం వేసి, నేరుగా ఆసుపత్రికే వచ్చింది. పన్నెండింటికి నా పక్కన ఉంది. చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది, మా ఇంట్లో దిండు సర్దింది, రెండు గంటలకోసారి చుక్కల మందు. "కదలకండక్కా" అని ఎడమచేత్తో రెప్ప ఎత్తిపట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క చుక్క కూడా బయట పడకుండా వేసేది. ఆ వేళ్ళే. తన సంచి మంచం మీద నా కాళ్ళ దగ్గరే పెట్టింది, గడియారాలాయన గొంతు అందులోనే ఉండి ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్లోనో, నా కాళ్ళ దగ్గర. నేను ఆ పిల్ల బుగ్గ తడిమి, "కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యరే" అన్నాను. తను తల వంచుకుని చుక్కల మందు మూత బిగించింది. మొహమాటం అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు ఏ ఫొటో లేదు. ఆ రోజు ప్రేమ నటించిందా? నటించలేదు, అదే నాకు మింగుడుపడటం లేదు. ఆ ప్రేమా నిజమే, ఆ పొద్దుటి పనీ నిజమే, రెండూ ఒకే మనిషిలో ఒకే రోజున ఏ గొడవా లేకుండా సర్దుకుని ఉన్నాయి.

ఎందుకు చేసిందో తెలుసు. పదో తారీకున సదస్సు, మా వృత్తివాళ్ళందరూ వచ్చేది, నేను వెళ్ళాల్సింది, కన్ను వల్ల తనని పంపాను. నెల ముందే అడిగింది. "గడియారాలాయనది మొదటిరోజుదీ ఇప్పటిదీ పక్కపక్కన వినిపిస్తే ఎంత బాగుంటుందో అక్కా." వద్దన్నాను. "పోనీ ఆయన్నే అడుగుదామా?" అడగొద్దన్నాను. "మనం అడిగితే కాదనలేడే. కాదు అనడానికి కూడా ఆయనకి పది సెకన్లు పడుతుంది, అంతలో మనం అవునని రాసేసుకుంటాం." తలూపింది. సదస్సు నుంచి ఫోన్ చేసి, "అక్కా, లేచి నుంచుని చప్పట్లు కొట్టారు" అంది. కంటికి గంతతో మంచం మీద ఎంత పొంగిపోయానో. ఏం చెప్పావే అంటే, "మన పనేనక్కా" అంది. చప్పట్లు రెండో గొంతుకి కొట్టి ఉంటారు, ఒక్క ఊపిరిలో తన పేరు చెప్పిన గొంతుకి. హాల్లో ఎవరో ఫోన్లో పట్టుకున్నారు, ఊళ్ళు తిరిగింది మాత్రం మొదటిది. బాగుపడ్డవాడిని చూసి ఎవరు నవ్వుతారు. తర్వాతైనా నాకు చెప్పాల్సింది. రెండు నెలలు, ప్రతి మంగళవారం, ఇదే టేబుల్ దగ్గర ఆయనకి ఎదురుగా కూర్చుని "భుజాలు వదలండి, తొందరేం లేదు" అని చెప్పింది. ఆయన ఆ పిల్లకి వాచీ బాగుచేసి ఇచ్చాడు కూడా. తీసుకుంది.

అరవై తొమ్మిది. కాపీ అవగానే ఏం చెయ్యాలో అంతా అనుకున్నాను. తను వచ్చి కూర్చుంటుంది, నేను ఏమీ ఎరగనట్టు మొదలుపెడతాను, అబద్ధం చెప్పనిస్తాను, బాగా చెప్పనిచ్చాక తెర ఇటు తిప్పుతాను. వృత్తి సంఘానికి రాస్తాను. కాపీ జత చేస్తాను. వాళ్ళు తెరిచి చూస్తారు. తెరిచి చూడటమంటే, పాస్‌వర్డ్ ఇస్తాను, ఐదారుగురు పెద్దలు బల్ల చుట్టూ కూర్చుంటారు, పదకొండో ఫొటో తెరుస్తారు, గీత వస్తుంది, ఎవరో ఒకరు వినిపించమంటారు. వినకుండా ఎలా తేలుస్తారు? నలభై సెకన్లు వింటారు. పాపం అంటారు. డెబ్భై ఒకటి. ఈ పచ్చగీత మోసుకొస్తున్నదేమిటి? పొద్దున్నుంచీ సాక్ష్యం, సాక్ష్యం అనుకుంటున్నాను, అది ఆయనే. ఉండకూడదని ఆయన రాసి నాలుగు గంటలు కాలేదు, నేను ఇంకో ఆయన్ని తయారుచేస్తున్నాను. అడక్కుండా. మంచి కారణానికే. ఆ పిల్లకీ మంచి కారణమే ఉంది.

ఆపేశాను. నిజంగా రద్దు చేయాలా అని కంప్యూటర్ అడిగింది, చేయమన్నాను. లోపలికి వెళ్ళి ఆయన ఫైళ్ళన్నీ తీసేశాను, మొదటిరోజుదీ, ఒక్క ఊపిరి రోజుదీ. అక్కడ తీసేస్తే చాలదు, ప్రతి ఫొటోలోనూ ఆయన అప్పుడెలా ఉన్నాడో అలాగే ఉన్నాడు, వెనక్కి వెళ్తే మళ్ళీ లేచి కూర్చుంటాడు. అందుకని ఫొటోలు ఒక్కొక్కటే తీస్తూ వచ్చాను, పదమూడు. పదకొండోది మిగిలింది. ఫోన్ ఎత్తి, కనీసం తెరనైనా ఒక ఫొటో కొట్టుకుందామని చూశాను, గోరంత బొమ్మలో ఆయన గీత, దాని నెత్తిన ఆయన పేరు. ఎక్కడా, అన్నాడు. ఇది పోతే నా మాట తప్ప ఏమీ ఉండదు. మరిదిని అన్నమాట తప్పని చూపించే సాక్ష్యం కూడా ఇదే. అబద్ధమెందుకు, ఆయన మీద దయ కంటే ఆ పిల్ల మీద కసే ఎక్కువగా ఉంది ఆ నిమిషంలో. అయినా నొక్కాను. బయట తిరుగుతున్నదాన్ని నేను తుడవలేను, నా ఇంట్లోది తుడిచాను. "తీసేశాను, అన్నిచోట్లా" అని రాశాను. చూశాడు.

తలుపు చప్పుడైంది. "ఎండ మండిపోతోందక్కా" అంటూ వచ్చి సంచి కుర్చీకి తగిలించబోయింది.

"గడియారాలాయన గొంతు బయటికి పోయింది" అన్నాను.

సంచి చేతిలోనే ఆగింది. "అయ్యో. ఎలా అక్కా?"

"నువ్వు చెప్పు."

తన కళ్ళు నన్ను దాటి తెర మీదికి వెళ్ళాయి. ఫొటోల జాబితా తెరిచే ఉంది, అందులో ఏమీ లేదు. కొత్తమ్మాయి ఊపిరి వదిలింది, మెల్లగా, ముక్కుతో. ముప్ఫై ఏళ్ళుగా మనుషుల ఊపిరి వినడమే నా పని.

"నాకేం తెలుస్తుందక్కా" అంది, ఎక్కడా తడబడకుండా. "మీ మరిదిగారేమన్నా... నేను అంటున్నానని కాదు. ఆయనకే కదా ఈ లోపలి సంగతులన్నీ తెలుసు."

వినాల్సింది విన్నాను. చెయ్యి చాపి తెర ఆపేశాను. తను ఎదురుచూస్తోంది, నేను నేర్పినట్టే, మాట అందించకుండా.

"రేపట్నుంచి రావద్దు" అన్నాను.

సంచి మళ్ళీ భుజానికి వేసుకుంది. సొరుగు తీసి తన కళ్ళజోడు, తన దువ్వెన తీసుకుంది. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడింది, నావైపు తిరగలేదు. పదకొండేళ్ళ తర్వాత రావద్దంటే ఎవరైనా అడుగుతారు. ఎందుకక్కా అని తను అడగలేదు.